నీకని చెప్పి తీసుకురా

"నోరు తెరువు. ఇంకొంచెం. ఇంకొంచెం తెరవ్వే," అంటున్నాడు మావయ్య, బస్టాండులో మైకు ముందు కూర్చున్నట్టే.

రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పీ చెప్పీ, ఇంట్లో మంచినీళ్ళడిగినా ఎవరో ఒకరు సంచీ పట్టుకుని లేచి నిలబడాలనిపిస్తుంది.

అత్తయ్య నోరు తెరవలేదు. తెరుచుకోలేదు. నిన్నటిదాకా మామూలుగా ఉన్న పెదాలు రెండూ ఇప్పుడు ఇంకెవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. కళ్ళ కింద వాపు. మెడ మీదినుంచి కిందికి ఎర్రగా దద్దుర్లు.

"ఆస్పత్రికి వెళ్దాం నాన్నా," అంది ఆడపడుచు చిట్టి. తల్లి చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంది.

అత్తయ్య ఆ చెయ్యి లాక్కుని అడ్డంగా ఊపింది.

"పోనీ బావగారిని పిలుస్తా."

చెయ్యి ఇంకా గట్టిగా ఊపింది.

"డాక్టరూ వద్దు, బావగారూ వద్దు. మరెవర్ని పిలవను, ఎలక్ట్రీషియన్నా?"

గుమ్మంలో నీళ్ళగ్లాసు పట్టుకుని కోడలు నిలబడి ఉంది. మంచం మీదినుంచి అత్తయ్య ఆమెనే చూస్తోంది. తేలు కుట్టిన దొంగ చూసే చూపు అది. అరవనూ లేదు, అరవకుండా ఉండనూ లేదు.

మావయ్య 'బావగారు' అంటున్నది వీధి చివర మందుల షాపాయన్ని. వీధి వీధంతా ఆయన్ని ఎదురుపడితే డాక్టరుగారూ అంటుంది, అటు తిరగ్గానే అరడాక్టరు అంటుంది. రెండింట్లోనూ గౌరవమే ఉంది. డాక్టరు దగ్గరికెళితే బెంచీ మీదే పూట గడిచిపోతుంది. ఈయన దగ్గర కౌంటరు మీద మోచెయ్యి ఆనిస్తే చాలు. దగ్గు, జ్వరం, నడుం పట్టు, అన్నీ ఆయనకి చెప్పేవే. ఎవరికి ఏ మందు పడుతుందో, ఎవరికి ఏది పడదో ఆయన బుర్రలో ఉంటుంది. ఆయన బుర్రలో ఉంటుంది కదా అని ఈ ఇంట్లో ఎవరూ తమ బుర్రలో పెట్టుకోలేదు.

వచ్చే నెల చిట్టి ఆయన కొడుకుని పెళ్ళి చేసుకోబోతోంది. అరడాక్టరు బావగారైంది అలాగే. అసలు తంటా వచ్చిందీ అక్కడే.

నిన్న పొద్దున అత్తయ్య వంటింటి తలుపు దగ్గరికేసి మరీ చెప్పింది.

"ఒంటికెళ్తే మంటగా ఉందే. చలి కూడా వస్తోంది."

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం అత్తయ్యా."

"ఆవిడ ఈ సీసాలో పట్టు, ఆ సీసాలో పట్టు అంటుంది. షాపుకెళ్ళి తెచ్చెయ్. నాకని కాదు. నీకని చెప్పి తీసుకురా."

"నాకేం లేదు కదండీ."

"లేకపోతే ఏం, అంటే అంటుకుంటుందా? ఆయన పెళ్ళాం కౌంటరు పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంటుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. రేపు పెళ్ళిలో నా పక్కన చేరి, మంట తగ్గిందా వదినగారూ అని పదిమందిలో అడిగితే తలెక్కడ పెట్టుకోను? నీదేముంది. ఈమధ్యే పెళ్ళయినదానివి. ఇలాంటివి వస్తుంటాయి, ఎవరూ ఏమనుకోరు. ఎవరికైనా చెప్పావో, నామీద ఒట్టే."

కోడలు వెళ్ళింది. అరడాక్టరు పద్ధతైన మనిషి. గొంతు తగ్గించి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ అన్నీ అడిగాడు. జ్వరం ఉందా. నెల తప్పిందా. ఎప్పుడైనా ఏ మందైనా పడక దద్దుర్లొచ్చాయా. ఆమె అన్నిటికీ నిజమే చెప్పింది, తన ఒంటి గురించి. ఆయన ఇచ్చింది కూడా సరైన మందే, ఆమె ఒంటికి.

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఒక మెషీన్ మీద పరీక్ష చేసి ఇంకో మెషీన్ మీద ఎక్కించెయ్యడమంత పాత తప్పు ఆ ఉద్యోగంలో ఇంకోటి లేదు. ఆఫీసులో అయితే ఎవరో ఒకరు తిట్టుకుంటూ వెనక్కి తీసేస్తారు. అత్తయ్య మింగిన మాత్రల్ని వెనక్కి తీయడం ఎవరికొచ్చు?

మావయ్య ఫోను తీశాడు. "హలో బావగారూ, మా ఆవిడకి ఒంట్లో అస్సలు బాగోలేదు," అని వీధి మొత్తానికీ ప్రకటించాడు.

కోడలు గ్లాసు అక్కడే పెట్టేసి మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"మీ అమ్మ వేసుకున్న మందువల్లే ఇదంతా."

"ఏ మందు?"

చెప్పింది. అతను ఫ్రిజ్‌కి ఆనుకుని విన్నాడు. ఫోను పగిలినా, కుళాయి కారినా, కొన్నాళ్ళు చూద్దాం అనే మనిషి. ఇప్పుడు కూడా మొహంలో అదే మాట ఉంది.

"అట్ట మీద పేరు చదివి వెతికాను. సల్ఫా మందు అది. సల్ఫా పడనివాళ్ళకి ఇవ్వకూడదని మొదటి ముక్కే రాశాడు. మీ అమ్మకి సల్ఫా పడదా?"

"ఏమో. నా చిన్నప్పుడెప్పుడో ఏదో మాత్ర వేసుకుని ఒళ్ళంతా పొక్కులొచ్చాయి. ఏ మాత్రో అరడాక్టరుకి తెలుసు."

"ఆయనకి తెలుసు. ఆవిడకి తెలీదా?"

"ఆవిడెందుకు గుర్తుపెట్టుకుంటుంది? ఆయనకి తెలుసుగా."

"ఆయన వస్తున్నాడుగా. చెప్పేస్తాను."

"అమ్మ ఒట్టేయించుకుందన్నావుగా."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. ఆవిడకి ఊపిరి ఆడేలా లేదు."

"నీకన్నీ తొందరే. ఆయన ఇన్నేళ్ళుగా అమ్మని చూస్తున్నాడు, వచ్చి చూడగానే కనిపెడతాడు. నువ్వు మధ్యలో దూరకు."

"ఏం వేసుకుందో చెప్పకుండా ఎలా కనిపెడతాడు?"

"ఆఫీసులో తప్పులు పట్టావు చాలు. ఇంట్లో కూడా పట్టకు."

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది.

అరడాక్టరు లోపలికొచ్చి ముందు చేతులు కడుక్కున్నాడు. ఆయనలో అందరికీ నచ్చేది అదే. ఫోను వెలుగులో అత్తయ్య కళ్ళు చూశాడు, మెడ చూశాడు, పెదవిని వేలితో మెల్లిగా పక్కకి జరిపి నోట్లోకి చూశాడు. చూస్తున్నవాడు ఆగిపోయాడు. లోపల తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి.

"చెల్లెమ్మా, ఏదైనా మందు వేసుకున్నారా?"

అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

"వేరే షాపులో తెచ్చుకున్నారా? తెచ్చుకుంటే తెచ్చుకున్నారు, నేనేం అనుకోను."

అనుకునేలాగే అడిగాడు. అత్తయ్య మళ్ళీ తల ఊపింది. అరడాక్టరు నొసలు రుద్దుకున్నాడు.

"ఆవిడకి పడనిది ఒక్క సల్ఫానే. అది నేను చచ్చినా ఇవ్వను. మరి ఇదేంటి?"

"మీరే ఇచ్చారండి," అంది కోడలు.

అరడాక్టరు కళ్ళజోడు తీసేశాడు.

"నిన్న నాకని తెచ్చింది నాకు కాదు. అత్తయ్యకే. మంట ఆవిడకే."

"నీకని అడిగావమ్మా." అరడాక్టరు గొంతు పీలగా వచ్చింది. "నీకు పడని మందేదీ లేదన్నావు."

"అది నా గురించేనండి. నాకని చెప్పి తెమ్మన్నారు. అలాగే చెప్పాను."

"మంటేంటి? ఎవరికి మంట?" అన్నాడు మావయ్య.

"మెల్లగా నాన్నా," అంది చిట్టి, కిటికీ వేస్తూ.

అత్తయ్య మోచేతుల మీద లేచింది. ఆ వాపులో ఇందాకట్నుంచీ ప్రతి మాటా నలిగిపోయే వస్తోంది గానీ, ఈ మాటలు మాత్రం కడిగి పెట్టినట్టొచ్చాయి.

"అబద్ధం. జబ్బు దానిదే."

కోడలు అత్తయ్య వంకే చూసింది. అత్తయ్య గోడ వంక చూసింది.

మావయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్. నువ్వు చెప్పు. జబ్బు మీ ఆవిడకా, మీ అమ్మకా?"

వంటింట్లో విన్నదంతా అతని చెవుల్లో ఇంకా వేడిగానే ఉండాలి. అతను ఫ్యాను వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. భార్య వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"దానికే నాన్నా. మొన్నట్నుంచీ చెప్తూనే ఉంది."

ఆ 'మొన్నట్నుంచీ' అతని సొంత కవిత్వం. ఎవరూ అడగలేదు.

"వదినా," అంది చిట్టి. ఈ ఇంట్లో మొదటిరోజు నుంచీ ఆమెతో కలిసి ఒకే కంచంలో తిన్న పిల్ల. "నీ మందు అమ్మకెందుకు పెట్టావ్?"

అడిగిన తీరు మెత్తగానే ఉంది. కత్తి కూడా మెత్తగానే దిగుతుంది, పదునున్నప్పుడు. నిజం ఒకసారి చెప్పాక మళ్ళీ చెప్తే అది సంజాయిషీలా ఉంటుంది.

"ఆ మాత్రలేవమ్మా?" అన్నాడు అరడాక్టరు.

బియ్యం డబ్బా వెనకనుంచి అట్ట తీసుకొచ్చింది. అత్తయ్య దాచిన చోటది. తన మందైతే తన అలమరలో ఉండాలి కదా అని ఎవరైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. అరడాక్టరు అట్ట అందుకుని, "ఇలా రా," అంటూ వసారాలోకి నడిచాడు.

"నీ మాట నేను నమ్ముతున్నానమ్మా," అన్నాడు మెల్లగా.

"అయితే పదండి. ఆస్పత్రిలో మీరే చెప్పండి. మీరు చెప్తే వింటారు."

అరడాక్టరు అట్టని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"డాక్టరు చీటీ లేకుండా ఇచ్చిన మందిది. నోట్లో పొక్కులు లేచాయి. ఎవరిచ్చారని అడుగుతారు. నా పేరు బయటికొస్తే షాపు మూయిస్తారు. షాపు మూస్తే మీ చిట్టి ఏ ఇంటికి కోడలుగా వస్తుంది?"

"మరి అత్తయ్య?"

"వాపు తగ్గే సూది వాళ్ళెలాగూ వేస్తారు."

"సూదితో తగ్గేదేనా ఇది?"

అన్నీ తెలిసిన మనిషి, ఇది తెలీకుండా ఉంటుందా? లోపలికెళ్ళి, మందు ఎలా వాడాలో చెప్పే గొంతుతో అందరికీ చెప్పాడు.

"ఏదో పురుగు కుట్టినట్టుంది బావగారూ. ఆటో పిలవండి. ఆస్పత్రిలో ఎవరడిగినా పురుగనే చెప్పండి."

ఆ గదిలో అందరి భుజాలూ ఒక్కసారిగా కిందికి దిగాయి. పురుగు ఎవరి కోడలూ కాదు, ఎవరి వియ్యంకుడూ కాదు. దానికి షాపు లేదు, పరువు లేదు.

"పురుగే," అన్నాడు మావయ్య. "పొద్దున గోడ మీద చూశాను కూడా. నల్లగా ఉంది."

అత్తయ్యని నడిపించుకుంటూ ఆటో ఎక్కించారు. కోడలు దుప్పటి మడతపెట్టి పట్టుకుని వెనకే వెళ్ళింది. మావయ్య దుప్పటి తీసుకున్నాడు.

"నువ్వు ఇంట్లోనే ఉండు. చేసింది చాలు."

ఆటో మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది. లోపలికొచ్చి ఫోనులో మళ్ళీ వెతికింది. నిన్నే వెతికుంటే ఎంత బాగుండేదో అనుకోవడానికి కూడా తీరిక లేదు. నోట్లో పొక్కులంటే మామూలు వాపు కాదని రాసుంది. చర్మం కాలినట్టు ఊడొస్తుందని, కళ్ళు పోవచ్చని, ప్రాణమే పోవచ్చని, ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిదని రాసుంది.

మొగుడికి ఫోను చేసింది.

"మందు పేరొక్కటి చెప్పు. ఎవరిచ్చారో చెప్పకు, ఎవరికిచ్చారో చెప్పకు. పేరొక్కటి. మీ అమ్మ కళ్ళు పోతాయి."

"నెట్‌లో నాలుగు ముక్కలు చదివి డాక్టరువైపోకు," అని పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే చిట్టి ఎత్తింది. వెనకాల ఆటో చప్పుడు, మధ్యలో అత్తయ్య మూలుగు.

"చిట్టీ, నువ్వైనా విను. అది పురుగు కాదని నీకూ తెలుసు."

చిట్టి చాలా అలసిపోయినట్టు అడిగింది. "నా పెళ్ళయ్యేదాకా ఆగలేవా వదినా?"

కోడలు స్కూటరు తాళం తీసుకుంది.

అత్తయ్య మీద ప్రేమ పొంగి పొర్లి కాదు. ఆవిడ రేపు లేచి కూర్చుంటే మొట్టమొదట తిట్టేది తననే. తెలిసి తెలిసి నోరు మూసుకు కూర్చోవడం చేతకాక, అంతే. చెప్తే ఈ ఇంట్లోకి మళ్ళీ అడుగు పెట్టనివ్వరని దారి పొడుగునా ప్రతి సిగ్నల్ దగ్గరా అనుకుంది. ఒక్క సిగ్నల్ దగ్గర కూడా వెనక్కి తిప్పలేదు.

ఆస్పత్రిలో ఎమర్జెన్సీ గది తలుపు తీసే ఉంది. పచ్చ తెర వెనక మంచం మీద అత్తయ్య, చేతికి సెలైను. చుట్టూ వీళ్ళంతా. అరడాక్టరు కాస్త దూరంగా, గోడకి వేలాడదీసిన బొమ్మల్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు. డ్యూటీ డాక్టరమ్మ చిన్నదే. కళ్ళు చూస్తే నిద్ర లేని మనిషి, మాట వింటే మాత్రం బాగా మేలుకునే ఉంది.

"ఏ పురుగండీ? ఎగిరేదా, పాకేదా?"

"పాకేదే," అన్నాడు మావయ్య. ఆమె చూపుకి తట్టుకోలేక, "కొంచెం ఎగిరింది కూడా," అన్నాడు.

"పురుగు కుడితే కుట్టినచోట కనిపించాలి. నోట్లో పొక్కులు, కళ్ళలో ఎరుపు, మెడ నిండా దద్దుర్లు. ఎన్ని పురుగులున్నాయండీ మీ ఇంట్లో? నన్ను చూడండి. మందేమైనా వేసుకుందా? మందువల్లయితే ఇప్పుడే పెద్దాస్పత్రికి పంపాలి, ఇక్కడ నావల్ల కాదు. పురుగే అయితే సూది వేసి సాయంత్రం ఇంటికి పంపించేస్తా. రెండింట్లో ఏదో నాకిప్పుడు తెలియాలి."

"పురుగే," అన్నాడు మావయ్య.

"పురుగేనండి," అన్నాడు కొడుకు.

"మందండి," అంది కోడలు, తెర పక్కకి తీసి.

చిట్టి కళ్ళు మూసుకుంది. అరడాక్టరు బొమ్మల దగ్గర్నుంచి తల తిప్పలేదు గానీ, ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

"సల్ఫా మందు. నిన్న పొద్దున్నుంచీ వేసుకుంటున్నారు. మూత్రంలో మంటకి. ఇదివరకోసారి కూడా పడక ఒళ్ళంతా పొక్కులొచ్చాయట." మాత్ర పేరు కూడా చెప్పింది. ఒక్కో అక్షరం విడదీసి, తప్పు పోకుండా చెప్పింది.

డాక్టరమ్మ రాసుకోవడానికి కాగితం మీదికి వంగి, ఆగింది. "మీరెలా చెప్తున్నారు? మీరు ఆవిడకి ఏమవుతారు?"

కోడలు నోరు తెరిచేలోపే వెనకనుంచి మొగుడి గొంతు వచ్చింది. కొన్నాళ్ళు చూద్దాం అనే గొంతు కాదది. అంత తొందరగా అతను మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"పక్కింటావిడండి. వాళ్ళకీ మాకూ మాటల్లేవు."

ఆమె వెనక్కి తిరిగింది. అతను ఆమె వైపే సూటిగా చూస్తున్నాడు, పొద్దున్నుంచీ మొదటిసారి. చిట్టి అమ్మ మీద దుప్పటి సర్దింది. మావయ్య, జీవితంలో ఎన్నడూ లేనిది, గొంతే లేనట్టు నిలబడ్డాడు.

"నేను కోడల్నండి," అంది ఆమె. తన చెవులకే అది అబద్ధంలా వినపడింది.

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత మంచం మీదికి వంగి, అత్తయ్య చెవి దగ్గరగా, నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, మిమ్మల్నే అడుగుతున్నా. మాట్లాడక్కర్లేదు, తల ఊపండి చాలు. ఈ అమ్మాయి మీ కోడలా? మీరు మందు వేసుకున్నారా?"

అత్తయ్య కళ్ళు సన్నటి గీతల్లా తెరుచుకున్నాయి. ఆ గీతల్లోంచి కోడలిని చూసింది. ఆమె భుజం మీదినుంచి, గోడ దగ్గర నిలబడ్డ వియ్యంకుణ్ణి చూసింది.

ఊపిరి పీల్చుకోవడానికే కష్టపడుతున్న మనిషి, ఎంతో కష్టపడి, తలని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు అడ్డంగా తిప్పింది.

"సరే," అంది డాక్టరమ్మ, నిటారుగా నిలబడుతూ. "వార్డు బాయ్‌ని పిలవండి. ఈ పక్కింటావిణ్ణి బయటికి పంపించండి."